సాంచా దగ్గర కూర్చునే చోటు

మా అన్న సిరిసిల్లలో సాంచా నడిపేవాడు. పవర్‌లూమ్‌ను మా దగ్గర అలాగే అంటారు. ఎన్నికలొస్తే మా వాడలో పార్టీ కోసం ఇల్లిల్లూ తిరిగేవాడు. అన్న మాట మీద ఓటేసేవాళ్లు చాలామందే ఉండేవారు.

ఒకసారి ఎన్నికల సభలో ఆ పార్టీ నాయకుడు నవ్వుతూ అన్నాడు: "సాంచా దానంతటదే నడుస్తది. మీరు కూసొని చాయ్ తాగుడే గదా!"

షెడ్డులో కూర్చునే చోటుండదు. తెగిన పోగులు అతుకుతూ పన్నెండు గంటలు సాంచాల మధ్య తిరగాలి. అన్న పిక్కల మీద నరాలు ఉబ్బి ఉండేవి.

మర్నాడు ఓట్లడగడానికి నేనూ అన్న వెంట వెళ్లాను. మొదటి ఇంట్లోనే ఒక ముసలవ్వ కుర్చీ వేసింది.

"కూసో కొడుకా. మనకు పనేముంది, చాయ్ తాగుదాం."

ఇంట్లోవాళ్లంతా నవ్వారు. అన్న కూర్చోలేదు.

"నోరు జారిండు అవ్వా. మనసుల ఏం లేదు."

"జారింది ఆయన నోరాయె. తిరుగుడు నీకొచ్చెనా బిడ్డా?"

మా వాడలో పార్టీకి ఓట్లు రాలేదు. నాయకుడు మరో ఊళ్లో మరో మాట జారాడు. అన్న మాత్రం మళ్లీ ఓటు కోసం ఎవరి గడపా తొక్కలేదు.

ఆ ఇంట్లో అందరితోపాటు నేనూ నవ్వాను. అన్న వినే ఉంటాడు. చనిపోయేదాకా ఆ సంగతి ఎత్తలేదు. నేనూ క్షమించమని అడగలేదు.