అనుమాన్ అంటే అనుమానం కాదు

ఫిలింనగర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైన మా యూట్యూబ్ ఛానెల్ ఆఫీసు ఉండేది. హిందీ సినిమావాళ్ల కబుర్లు తెలుగులో చెప్పడం మా పని. ముంబైలో ఎవరు ఎవరితో విడిపోయారో, ఎవరి పెళ్లికి ఎవరు వెళ్లలేదో, మధ్యాహ్నానికల్లా జూబ్లీహిల్స్ నుంచి ఎర్రగడ్డ దాకా అందరి ఫోన్లలో మోగాలి. హిందీ ఇంటర్వ్యూలు విని తెలుగులో రాయడానికి నన్ను పెట్టుకున్నారు.

నా చదువు పదో తరగతితో ఆగింది. హిందీ అంతా మా పేట గ్రంథాలయంలో నేర్చుకున్నదే. పిల్లల కథలతో మొదలుపెట్టి, నిఘంటువు తిరగేస్తూ తిరగేస్తూ లావుపాటి నవలల దాకా వెళ్లాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. ఓనరు మాత్రం "కొన్నాళ్లు చూద్దామండీ, తర్వాత ఖాయం చేస్తా" అన్నారు. డిగ్రీ ఉన్న ఇంకొకామెతోనూ మాట్లాడుతున్నారని నాకు తెలుసు.

ఒకరోజు ఓ పెద్ద హీరోయిన్ మాట్లాడిన చిన్న ముక్క వచ్చింది. "మేరా అనుమాన్ హై, వో ఆజ్ భీ దేర్ సే ఆయేంగే." ఆయన ఇవాళ కూడా ఆలస్యంగానే వస్తారని ఆవిడ 'అనుమాన్'. పక్క ఛానెళ్లన్నీ "భర్తపై అనుమానం! రోజూ ఆలస్యమేనన్న హీరోయిన్" అని పెట్టేశాయి. మా ఓనరూ అదే పెట్టమన్నారు. గొంతు ఇచ్చే అమ్మాయి మైకు ముందు కూర్చుంది.

"ఆగమ్మా," అన్నాను. "అనుమాన్ అంటే అనుమానం కాదు. అంచనా."

ఆ అమ్మాయిది బోరబండ. "ఏందక్కా గిది? పుట్టినకాడికెల్లి హిందీ మాట్లాడుతున్న. అనుమానానికి శక్ అంటరు, అంచనాకు అందాజా అంటరు. గీ అనుమాన్ మా బస్తీల ఎవ్వరనరు."

"నీ అందాజానే పుస్తకాల్లో అనుమాన్ అంటారు. వాన పడుతుందని అనుమాన్. నవలల్లో ఎన్నిసార్లు చదివానో!"

"వాన మీద గూడ శక్ పడ్తరా అక్కా!" అని నవ్వింది.

ఓనరు నవ్వలేదు. "అందరూ పెట్టేశారండీ. ఎవరికీ రాని డౌటు మీకొక్కరికే వచ్చిందా?"

ఆయనకు చిరాకొస్తే రేపు నా కుర్చీలో ఆ డిగ్రీ ఆవిడ కూర్చుంటుంది. అయినా నేను చదివిన మాట నాకు తెలుసు. "ఇంటర్వ్యూ మొత్తం ఒక్కసారి వినండి సార్," అన్నాను.

మా పనిలో మొత్తం ఎవరూ వినరు. ఒకరు కత్తిరించిన ముక్కనే మిగతావాళ్లు ఎత్తుకుంటారు. నేను అసలుది వెతికి పెట్టాను. ఈ ఫంక్షన్‌కి మీ ఆయన ఎప్పుడొస్తారని యాంకర్ అడుగుతోంది. షూటింగ్‌లో ఉన్నారు, నా అంచనా, ఇవాళ కూడా లేటే అని హీరోయిన్ నవ్వుతోంది. అంతలో ఆ భర్తే వెనకనుంచి వచ్చి పక్కన నిలబడ్డాడు.

ఓనరు నీరసంగా, "మరి ఇందులో మసాలా ఏముందండీ?" అన్నారు.

"మొగుడు టైముకొచ్చిండు సార్! గదే పెద్ద న్యూస్," అంది ఆ అమ్మాయి.

ఆయన పగలబడి నవ్వారు. దాన్నే శీర్షికగా పెట్టాం. పెద్దగా ఎవరూ చూడలేదు.

"ఇవాళ్టి వ్యూస్ మటాషండీ," అన్నారు సాయంత్రం. తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగి, "రేపట్నుంచి హిందీ ముక్క ఏదొచ్చినా ముందు ఈవిడ వినాలి. ఈవిడ సరేనంటేనే నువ్వు గొంతివ్వు," అన్నారు.

ఉద్యోగం ఖాయమైందా అని నేను అడగలేదు. మర్నాడు పొద్దున్నే హిందీ ముక్కలన్నీ నా ఫోనుకే వచ్చాయి.