ఇంట్లో కూర్చున్నది ఎవరు?

పడవ నడి నైలుకు చేరాక గానీ గత్తాస్ ఆమెను చూడలేదు. ముందే చూసి ఉంటే ఏం మాట్లాడాలో ఒడ్డునే ఆలోచించుకునేవాడు. మేకల వెనక, రొట్టెల బుట్ట ఒళ్లో పెట్టుకుని, నల్ల ముసుగు కనుబొమల దాకా లాక్కుని కూర్చున్నది రఫీక్ తల్లి. రెండేళ్లలో పదకొండుసార్లు ఆ ఇంటి తలుపు తట్టాడతను. ఒక్కసారీ గడియ తియ్యలేదామె.

"గత్తాస్ బాబాయ్, నువ్వెక్కితే చాలు, చర్చి ఎగ్గొట్టినవాళ్లంతా నీళ్లలో దూకేలా ఉన్నారు," అన్నాడు పడవ నడిపే ఫర్‌గలీ.

"నువ్వెందుకురా ఉలిక్కిపడతావ్? నువ్వు ఎగ్గొట్టేది మసీదు. నీ సంగతి మీ షేక్ చూసుకుంటాడు."

మేకలవాడు నవ్వాడు. రఫీక్ తల్లి నవ్వలేదు.

గత్తాస్‌కు అరవై ఎనిమిదేళ్లు. పొద్దున్నంతా మగ్గం గుంటలో ఉండే కాళ్లకు మధ్యాహ్నం నుంచి ఊరూరా తిరగడమే విశ్రాంతి. ఆదివారం చర్చిలో కనబడని మనిషి ఇంటికి మళ్లీ ఆదివారం వచ్చేలోపు వెళ్లి కూర్చోవడం అతనికి అప్పగించిన సేవ. టీ తాగుతాడు, గేదె ఈనిందా అని అడుగుతాడు, లేచే ముందు సువార్తలోంచి ఒక కథ చెబుతాడు. ఎడారి గుహల్లో కూర్చున్న సన్యాసుల పేర్లు ఈ దేశంలో పిల్లలకు పెట్టుకుంటారు. పెట్టుకోవలసిందే. ఒంటరిగా దేవుణ్ణి వెతకడం చిన్న పని కాదు. అయితే మూసిన తలుపు ముందు పదకొండోసారి నిలబడి, లోపలి దగ్గు వింటూ, కోపం తెచ్చుకోకుండా వెనక్కి తిరగడం కూడా చిన్న పనేమీ కాదు. అలాంటివాళ్ల పేర్లు మాత్రం ఎవరూ పెట్టుకోరు.

రఫీక్ ఇటుకల లారీ బోల్తాపడి పోయాడు, పంతొమ్మిదేళ్లకు. ఎదిగిన కొడుకు పోయిన ఇంట్లో ఆడవాళ్లు ఏడాది దాకా చర్చి గడప తొక్కకపోవడం అక్కడి ఆచారం. ఏడాది దాటింది, రెండోదీ దాటింది. ఆమె ఇల్లు కదిలేది గురువారాల్లోనే, అవతలి ఒడ్డున సమాధుల దగ్గర పేదలకు రొట్టెలు పంచడానికి. అలా ఏడుపు చాపకు అతుక్కుపోయి మరి లేవని ఆడవాళ్లను గత్తాస్ ఇద్దరిని చూశాడు. ఈమె మూడోది కాకూడదని అతని బాధ.

"చాలాసార్లు తట్టాను తల్లీ," అన్నాడు.

"విన్నాను."

"మరి?"

"మరేముంది. నా ఇంట్లో నేను కూర్చున్నాను. ఎవరికి అడ్డం?"

అలవాటుగా కథ ఎత్తుకున్నాడు. బేతనియలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న అక్కచెల్లెళ్ల కథ. "ప్రభువు వస్తున్నాడని తెలియగానే చిన్నది లేచి ఊరి బయటికి ఎదురెళ్లింది. భక్తిగలది కదా. పెద్దదానికి ఎప్పుడూ వంటింటి గొడవే, ఇంట్లోనే కూర్చుండిపోయింది. అందుకని మనం కూడా…"

"తప్పు," అంది రఫీక్ తల్లి. "ఎదురెళ్లింది పెద్దది. ఇంట్లో కూర్చున్నది చిన్నది. ఆ భక్తిగలదే."

"ముప్పై ఏళ్ల నుంచి ఇలాగే చెబుతున్నానమ్మా."

"అయితే ముప్పై ఏళ్ల నుంచి తప్పే చెబుతున్నావ్."

ఫర్‌గలీ తెడ్డు ఆపాడు. "బాబాయ్, ఇప్పుడు దూకేది నువ్వేనా?"

ఆమె రొట్టెల కిందనుంచి అరచేతిలో పట్టే సువార్త తీసింది. అంచులు మడతలు పడిన పుస్తకం, రఫీక్‌ది. "నువ్వే చూసుకో," అని చాచింది.

గత్తాస్ అందుకున్నాడు. కాసేపు పట్టుకుని తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

"నాకు చదవడం రాదు తల్లీ. చర్చిలో విన్నదే నా చదువు. నువ్వు చదువు."

ఊళ్లో ఎవరికీ తెలియని మాట అది. మేకలవాడు ముఖం తిప్పుకున్నాడు. ఆమె చాలాసేపు అతన్ని చూసి, పుస్తకం తెరిచింది. కొడుకు పోయాక అది మోసుకు తిరగడమే గాని తెరవలేదు. మెల్లగా చదివింది. చిన్నది ఇంట్లోనే కూర్చుని ఉంది, చుట్టూ పరామర్శకు వచ్చినవాళ్లు. పెద్దది తిరిగొచ్చి చెవిలో చెప్పింది, ఆయన వచ్చాడు, నిన్ను పిలుస్తున్నాడని. చిన్నది వెంటనే లేచింది.

అక్కడ ఆమె పుస్తకం మూసింది. గత్తాస్ నాలుక చివర బోధ సిద్ధంగా ఉంది. మింగేశాడు. పడవ ఒడ్డుకు తగిలాక ఇంతే అన్నాడు: "రేపు సాయంత్రం చర్చిలో ఈ కథే చెప్పాలి. ఇంకెక్కడ తప్పుతానో ఏమో."

మర్నాడు చర్చి పక్క గదిలో పాతికమంది. గత్తాస్ లేచి తనకు చదువు రాదని చెప్పేశాడు.

"మరి మా ఇంటికొచ్చి పుస్తకం తెరిచి పట్టుకునేవాడివి?" అన్నాడు కిరాణా బుష్రా.

"పట్టుకోవడం వచ్చు," అన్నాడు గత్తాస్.

నవ్వులు తగ్గేసరికి గుమ్మంలో నల్లబట్టల మనిషి నిలబడి ఉంది. చెప్పులు ఇంకా కాళ్లకే ఉన్నాయి.

"మళ్లీ తప్పు చెబుతావేమోనని వచ్చాను," అంది రఫీక్ తల్లి.

"ఇంకా మొదలే పెట్టలేదమ్మా."

"అందుకే ముందొచ్చాను."

ఆమె చెప్పులు విడిచింది. బెంచీ మీద కూర్చోలేదు, ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని పుస్తకం తెరిచింది. చదువుతూ కథలో తమ్ముడి సమాధి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు. బుష్రా భార్య జరిగి, భుజానికి భుజం ఆనించి కూర్చుంది. కాసేపటికి ఆ గొంతే మళ్లీ అందుకుంది, ఈసారి కాస్త గట్టిగా.

గత్తాస్ గోడవారగా గుమ్మం దాకా నడిచాడు. ఆమె చెప్పుల పక్కన తన చెప్పులు వెతుక్కుని వేసుకున్నాడు, కర్ర తీసుకున్నాడు. పోయిన ఆదివారం మంగలి సిద్రాక్ కనబడలేదు. కాలవ గట్టు మీద ఇంకా వెలుతురుంది. అటు నడిచాడు.