రెండు వీధుల మధ్య తెర కట్టని నాటకం

కక్షల మీద మేం రాసుకున్న నాటకాన్ని ప్రొద్దుటూరులో ఆడితే చప్పట్లకు కొదవ లేదు. టిక్కెట్టు కొని కుర్చీలో కూర్చున్నవాళ్ళకు కక్షలు వద్దని చెప్పడం ఏం గొప్పని నాకే సిగ్గేసింది. పులివెందుల దగ్గర, కిందటేడు హత్య జరిగిన ఒక ఊళ్ళో ఆడదామని పట్టుబట్టింది నేనే. ఆ ఊరి పేరు రాయను. మీ నాటక సమాజం కూడా అటువైపు పోవాలనుకుంటే దారి మాత్రం చెబుతాను.

ప్రొద్దుటూరులో పొద్దున మొదటి బస్సెక్కాం. జమ్మలమడుగుకు మనిషికి ఆరణాలు. చుట్ట చుట్టిన మా తెరకు కూడా కండక్టరు రెండణాలు లాగాడు. దాని మీద కోట, తోట కొత్తగా రాయించాం కదా, దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. జమ్మలమడుగులో బస్సు మారి, ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అక్కడి నుంచి ఎద్దులబండి. ఆట రాత్రి పెడితే జనం వస్తారా అని బండి తోలే ఖాసింసాబును అడిగాను.

"రాత్రా? పొద్దు మునిగితే ఆ ఊర్లో ఎవురూ గడప దాటరప్పా. పొద్దుండగానే ఆడి పొద్దుండగానే బండెక్కండి. పై వీధోళ్ళు ఒక పక్క, కింది వీధోళ్ళు ఒక పక్క కూచుంటారు. కలిసి కూచోమంటే ఎవురూ రారు" అన్నాడు.

అయితే నడి వీధిలో తెర కట్టి, దానికి ఇటుపక్క ఒకసారి, అటుపక్క ఒకసారి ఆడదామని బండిలోనే తీర్మానించాం.

పై వీధిలో నాగమ్మ అనే పెద్దామె మాకు సంగటి, అందులోకి ఊరిబిండి పచ్చడి పెట్టింది. హత్యలో పోయింది ఈమె కొడుకే. చంపినవాళ్ళది కింది వీధి. ఈమె కూతుర్ని ఇచ్చింది కూడా ఆ చంపినవాళ్ళ ఇంటికే. అప్పటి నుంచి తల్లీకూతుళ్ళకు మాట లేదు, రాకపోక లేదు. కూతురికి కొడుకు పుట్టి నెలలు గడిచినా ఈమె వాణ్ణి చూడలేదు.

"తెర యాడ కడ్తారు నాయనా?" అని అడిగింది. నడి వీధిలో అన్నాను.

"కట్టగాకండి. కడితే ఆపక్క కూచునేటోళ్ళు నాకు కనపడరు. నా కూతురు బిడ్డనెత్తుకోని వస్తాదంట. ఒక్కతూరి సూసుకుంటా."

నాకు ఒళ్ళు మండింది. అంత దూరం మోసుకొచ్చిన తెర విప్పకుండానే తీసుకుపోవడమా? కానీ ఆమె ముఖం చూశాక తెర చుట్టను గోడకు ఆనించేశాను.

తెర లేకుండానే, అటూ ఇటూ తిరుగుతూ ఆడాం. కొడుకు పోయిన తల్లి వేషం నాది. చీర కట్టుకుని శవం మీద పడి నేను ఏడుస్తుంటే, పై వీధి జనంలోంచి నాగమ్మ లేచి నిలబడింది. నా నటనకేననుకుని ఇంకా గట్టిగా ఏడ్చాను. తీరా చూస్తే ఆమె చూపు నా మీద లేదు. వెనక్కి తిరిగాను. కింది వీధి ఆడవాళ్ళ మధ్య ఆమె కూతురు బిడ్డను రెండు చేతులతో తలకంటే పైకెత్తి పట్టుకుని ఉంది. అంతలోనే ఆ ఇంటి మగమనిషి ఒకడు వచ్చి నాగమ్మ కూతురి రెక్క పట్టుకుని లేపి ఇంట్లోకి తీసుకుపోయాడు. తలుపు పడిన చప్పుడు వీధంతా వినిపించింది. తర్వాతి మాట గుర్తురాక నేను శవం పక్కన ఊరికే కూర్చుండిపోయాను.

బండెక్కేటప్పుడు నాగమ్మ వచ్చింది. కనపడ్డాడా అని అడిగాను.

"కనపడినాడు నాయనా. అంతా నా కొడుకు మొగమే" అంది. గొంతు తగ్గించి, "ఆ ఇంటోళ్ళు ఆ పోలిక గుర్తుపట్టకుంటే సాలు" అంది.

మా నాటకంతో ఆ ఊళ్ళో కక్ష చల్లారిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆ తలుపు వెనక నాగమ్మ కూతురికి ఏం జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది, అందులో మా పాపమూ ఉంది. అయినా ఆ ఊరు పిలిస్తే మళ్ళీ పోతాను. మీరు పోతే ఒక్కటి గుర్తుంచుకోండి. హార్మోనియం, వేషాలు తీసుకుపోండి. తెర మాత్రం ఇంట్లోనే పెట్టి పోండి.