ఎడ్లు లాగిన షెవర్లే

1963లో బోధన్‌లో నాకు చిన్న మోటారు షెడ్డు ఉండేది. సాలూర వైపు ఒక దొర దగ్గర రెండు అమెరికా కార్లు ఉండేవి. రెండూ నా దగ్గరికే రిపేరుకు వచ్చేవి. ఒకటి ఆయన తండ్రి నిజాం కాలంలో కొన్న ఫోర్డు. రెండోది బొంబాయిలో ఎవరో వాడి అమ్మేసిన కొత్త కాలపు షెవర్లే. ఫోర్డు మొరటుది, ఎక్కితే నడుములు విరిగేవి. కానీ సెల్ఫ్ మొరాయిస్తే ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే చాలు, లేచేది. షెవర్లే మెత్తగా పోయేది. దానికి ఆటోమేటిక్ గేర్‌బాక్స్, అంటే క్లచ్ ఉండదు, గేర్లు అదే మార్చుకుంటుంది. నా మనసు మాత్రం ఫోర్డు మీదే.

చెరుకు సీజన్‌లో ఒకరోజు షెవర్లేను రెండు జతల ఎడ్లు షెడ్డుకు లాక్కొచ్చాయి. స్టీరింగ్ దగ్గర డ్రైవర్ రాజన్న, వెనక సీట్లో దొర. దగ్గరికి పోకముందే మాడిన నూనె వాసన గుప్పుమంది.

“వీడు గేర్‌బాక్స్ ఖరాబు చేసిండు. నువ్వు చూసి చెప్పు మిస్త్రీ, ఇయ్యాల్నే వీణ్ణి ఎల్లగొడ్త,” అని దొర ఎదురు హోటల్‌కు చాయ్ తాగడానికి పోయాడు.

రాజన్న ముఖం వాడిపోయింది. దొర తండ్రి కాలం నుంచి అదే కొలువు. పెళ్లాం పిల్లలతో దొర ఉండే గడి వెనక కొట్టంలోనే కాపురం.

“ఏమైందే?” అన్నాను.

“దొర పొద్దుగాల నుంచి బండ్ల కూసొని రేడియో ఇన్నడన్నా. బ్యాటరీ దిగింది. తొవ్వల చెరుకు బండ్లు పోతుంటే ఆపి, ఎడ్లు ఇప్పించిండు. ఫోర్డుకు గట్లనే జేస్తుంటిమి గద, గుంజుకుంట క్లచ్ ఇడిస్తే స్టార్ట్ అయితుండె. దీనికి క్లచ్ లేదు దొరా, వద్దన్న. నాకే నేర్పుతవారా, గేర్ల పెట్టి కూసో అన్నడు.”

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రైతుల చెరుకు నడిరోడ్డు మీద ఎండుతోంది, ఈయన రేడియో సరదాకు!

గేర్‌బాక్స్ దించి విప్పేసరికి సాయంత్రమైంది. లోపలి ప్లేట్లు నల్లగా మాడిపోయాయి. దొర మళ్లీ రాగానే మొహమాటం లేకుండా చెప్పాను.

“ఇంజన్ నడవకపోతే దీన్ల నూనె సరిగ పారది దొరా. గేర్ల పెట్టి గుంజితే మాడకుంట ఏమైతది? ఫోర్డు లెక్క వేరు, దీని లెక్క వేరు. రాజన్న వద్దనే అన్నడట.”

“స్టీరింగ్ ఎవని చేతుల ఉండె?”

“రాజన్న చేతుల.”

“గంతే. నేనడిగింది గంతే.”

ఆ వారమే కొట్టం ఖాళీ చేయించాడు. రాజన్న మూటాముల్లె సర్దుకొని, పిల్లలతో అత్తగారి ఊరు మోస్రాకు పోయాడు. దొర మాత్రం మళ్లీ ఫోర్డెక్కి, కొత్త డ్రైవర్‌తో, ఏమీ జరగనట్టే నా షెడ్డు ముందు నుంచి తిరిగాడు. అన్యాయం కాక మరేమిటిది?

యంత్రానికి ఏమైందో విప్పి చూస్తే తెలుస్తుంది. అలా ఎందుకైందో తెలియాలంటే మనుషులను అడగాలి. అప్పటి నుంచి ఏ బండి పాడై వచ్చినా, ఎవరు నడిపారు అన్న దగ్గర ఆగలేదు. నడపమన్నది ఎవరని కూడా యజమాని ఎదుటే అడిగాను. కొందరికి కోపం వచ్చి నా షెడ్డుకు రావడం మానేశారు. మానితే మాననీ.