సుత్తి కాని సుత్తి

టైపిస్టు బాబాయి కుర్చీలో కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు ఆ ఆఫీసులో లేరు. ఆయన మోకాలు ఊగితే టేబుల్ ఊగుతుంది, ఎదురు గోడమీది క్యాలెండరు ఊగి రెండు నెలలు ముందుకు పోతుంది. చెప్పేవాళ్లు వాక్యం ముగించకముందే వేళ్లు పరుగెడతాయి. భాష దిద్దనిదే కాగితం వదలడు. మొన్న రికార్డుల గదిలో పనిచేసే అమ్మాయి సీటు మార్చమని అర్జీ చెప్పింది. “పక్క సీటాయన రోజంతా సుత్తి కొడుతున్నాడు బాబాయ్, తల పగిలిపోతోంది.” బాబాయి దాన్ని దిద్ది, “సుత్తితో తల పగులగొట్టుచున్నాడు” అని టైపు కొట్టాడు. ఆమె చదవకుండానే సంతకం పెట్టింది. సాయంత్రానికి పక్క సీటాయన ఉద్యోగం ఊడేదాకా వచ్చింది.

“అయ్యో, కొట్టలేదు సార్, వాగాడంతే!” అని అమ్మాయి లబలబలాడినా, మేనేజరు కాగితం మీది మాటే నమ్మే మనిషి. చివరికి బాబాయే చెమట తుడుచుకుంటూ లోపలికి దూరాడు. “తప్పు నాదే సార్. ఈ సుత్తి ఆ సుత్తి కాదు” అని మొదలుపెట్టి, సోదికీ సొల్లుకీ తేడా, డబ్బా కొట్టడానికీ కోతలు కోయడానికీ తేడా, గదంతా తిరుగుతూ గంటంపావు విడమరిచాడు. మేనేజరు కణతలు నొక్కుకుంటూ సస్పెన్షన్ కాగితం చింపేశాడు.

“సుత్తంటే ఏంటో బాగా అర్థమైందయ్యా. ఇక వెళ్లు.”

“ఇంకొక్క ఉదాహరణ సార్” అన్నాడు బాబాయి.