రాగి బిందెకు ఎదురెళ్లిన రోజు

మా అమ్మాయి నన్ను అడిగింది ఒక్కటే. "నువ్వు జస్ట్ వెనకాల డ్రైవ్ చెయ్యి నాన్నా. ఇంకేం చెయ్యకు, ప్లీజ్."

విస్కాన్సిన్‌లో ఒక నది వెంట అక్కడి ఆదివాసులైన అనిషినాబే తెగ స్త్రీలు నీళ్లు మోస్తూ నడుస్తున్నారు. నది పుట్టిన చోట చిన్న రాగి బిందెలో నీళ్లు ముంచి, అది పెద్ద నదిలో కలిసే చోట పోస్తారు, తాను ఒకప్పుడు ఎలా ఉండేదో నదికి గుర్తుండాలని. పొద్దున ఎత్తిన నీళ్లు సాయంత్రం దాకా ఆగకూడదు. ఒకరి చేతిలోంచి ఒకరు నడుస్తూనే అందుకోవాలి. ఆ నడకకు పెద్ద, మా అమ్మాయి కాలేజీ స్నేహితురాలి అమ్మమ్మ. ఆవిడ పిలిస్తే మేముండే నేపర్‌విల్ నుంచి వెళ్లాం. బిందె పట్టుకోవడం మా అమ్మాయికి అదే మొదటిసారి. వెనక నుంచి వచ్చే బళ్లు వాళ్ల మీదికి రాకుండా కారుతో అడ్డుగా ఉండటం నా పని.

నాకు అప్పటికే ఉద్యోగం పోయింది. వీసా గడువు దగ్గరపడింది. ఆ మధ్యాహ్నం ఫోన్‌లో ఇంటర్వ్యూ, మిగిలింది అదొక్కటే. నిండు బిందెతో ఆడపిల్ల ఎదురొస్తే పని అవుతుందని మా ఇంట్లో నమ్మకం. నా పరీక్షల రోజుల్లో మా అమ్మ పక్కింటి పిల్లను బతిమాలి బిందెతో ఎదురు రప్పించేది. ఇక్కడ నేను చూస్తున్నది వాళ్ల వీపులు.

మా అమ్మాయి బిందె అందుకోగానే కారు వేగం పెంచి వాళ్లను దాటిపోయాను. మలుపులో ఆపి దిగి, ఇరుకు రోడ్డు అంచున ఎదురు నడిచి, చేతులు జోడించి కళ్లు మూసుకున్నాను.

"నాన్నా, జరుగు! మూవ్!"

ఇంకాసేపు కళ్లు మూసుకునే ఉన్నాను. తెరిచేసరికి మా అమ్మాయి నా ఎదుట ఆగిపోయి ఉంది. బిందెలో నీళ్లు ఇంకా ఊగుతున్నాయి.

పెద్దావిడ కేకలేయలేదు. వాళ్ల ఆచారం ప్రకారం నైవేద్యంగా చిటికెడు పొగాకు నేలమీద వేసి, తన భాషలో ఏదో మెల్లగా అని, బిందె తానే తీసుకుని నన్ను తప్పించుకుని ముందుకెళ్లింది.

"వాట్ ఆర్ యూ డూయింగ్, నాన్నా?"

"ఇంటర్వ్యూ ఉంది కదమ్మా. నీళ్లు ఎదురొస్తే మంచిదని..."

"నీ ఇంటర్వ్యూ కోసం నడుస్తున్నారా వాళ్లు? నా టర్న్‌లో ఆగింది. నా హ్యాండ్స్‌లో!"

సారీ అన్నాను. అంటూనే టైం చూసుకున్నాను. అది తను చూసింది.

వాళ్ల వెనక పరుగెత్తింది. ఆ రోజు బిందె మళ్లీ తన చేతికి రాలేదు.

ఆ ఉద్యోగం రాలేదు. నా భార్య వీసా మీద డిపెండెంట్‌గా ఉండిపోయాను. ఉద్యోగం వచ్చి ఉంటే మాత్రం శకునం ఫలించిందనే అనుకునేవాణ్ణి. నా గురించి ఇంతకంటే మంచిగా చెప్పుకోలేను.

ఈ వేసవిలో తను మళ్లీ వెళ్లింది, స్నేహితురాలి కారులో. ఎక్కడిదాకా వచ్చారని మెసేజ్ పెట్టాను. చదివినట్టు ఫోన్ చూపించింది. జవాబు లేదు.