అత్తమ్మ కొప్పులో మల్లెలు

మంచం పట్టాక మా అత్త నన్ను అడిగింది ఒక్కటే. తను పోయినప్పుడు కొప్పులో పూలు పెట్టమని. అడగకూడని మాట అది. మొగుడు లేని ఆడది పోతే పాడె మీద దండ వేస్తారు, గులాల్ చల్లుతారు, అంతే. కొప్పులో పూలు ముత్తయిదువకే. మా శాలిబండ గల్లీలో ఈ కట్టుబాటు తెలియని మనిషి లేదు. మా అత్తకు అందరికంటే బాగా తెలుసు.

ఎందుకంటే నా పూలు తీసింది ఆమే. నా భర్త సైకిల్ మీద కంచన్‌బాగ్ క్వార్టర్లకు పాలు పోసేవాడు. కామెర్లు ముదిరి పోయాడు. పదోనాడు నన్ను పీట మీద కూర్చోబెట్టి, పెళ్ళికూతురికి దువ్వినట్టు తల దువ్వి, జడ నిండా మల్లెలు పెట్టారు. పెట్టింది తీయడానికే. తీసే చెయ్యి కూడా మొగుడు లేనిదే కావాలన్నారు. మా అత్తను పిలిచారు. కొడుకు పోయి పది రోజులు కూడా నిండని తల్లి, ఆమెకు ఆ దండ ఎక్కడ ముడి వేశారో కనిపించలేదు. వెంట్రుకలతో సహా గుంజింది.

అప్పటినుంచి మల్లె వాసన తగిలితే చాలు, నాకు కడుపులో దేవేది. గల్లీలో ఎవరింట్లో పెళ్ళయినా తలుపు వేసుకుని కూర్చునేదాన్ని.

మా పాడి బర్రెలు అప్పుల కింద పోయాయి. బతకడానికి దొరికింది మళ్ళీ పూల పనే, చూడండి నా గతి. మా ఎదురింట్లో ఒక ముసలామె ఉండేది, అందరం ఖాలా అనేవాళ్ళం. పెళ్ళికొడుకు ముఖం మీద వేలాడే పూల తెరలు, సమాధుల మీద కప్పే పూల చాదర్లు అల్లేది. మొదటి రోజు నన్ను మల్లెల బుట్ట ముందు కూర్చోబెట్టింది. నేను లేచి మోరీ కాలవ దగ్గర కక్కాను. ఖాలా తిట్టలేదు. తడిగుడ్డ ఇచ్చింది.

"మోగ్రా నీకు పడదా బేటీ? ఛోడ్ దే. ఈ గులాబీలు పట్టు. ఇవన్ని ఖబర్లకు పోయేటియి."

"ఖబర్లకైతే ముండమోపి చెయ్యి పనికొస్తదా ఖాలా?"

"సచ్చినోళ్ళు అడుగుతరా ఎవరి చెయ్యని? లొల్లంత బతికినోళ్ళదే."

నాకు నవ్వు వచ్చింది. ఎన్ని నెలల తర్వాత వచ్చిందో ఆ నవ్వు.

అట్లా నేను సమాధుల పూలు అల్లే మనిషినయ్యాను. వచ్చినవాళ్ళు ఊరికే పూలు తీసుకుని పోరు. చాదర్ ఎవరి కోసమో చెప్పుకుంటారు, ఏడుస్తారు. ఒకసారి ఒక తల్లి వచ్చి చిన్న చాదర్ కావాలంది. ఎంత చిన్నదో నోటితో చెప్పలేక చేతులు ఇంత దూరం పెట్టి చూపించింది. అది అల్లుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. నా మొగుడి పీనుగ ముందు కూడా అట్లా ఏడవలేదు. ఖాలా గులాబీల మీద నీళ్ళు చల్లుతూ కూర్చుంది. ఆ రోజు ఇంటికి వచ్చి తింటే అన్నం రుచి తెలిసింది.

మా అత్తకు మాత్రం నా పని గిట్టేది కాదు. "పీనుగుల పూలు ముట్టి నా పొయ్యి ముట్టకు" అని వాకిట్లోనే చేతులు కడిగించేది. మంచం పట్టాక మారింది. నేను పని నుంచి రాగానే, "చేతులు ఇటు తే" అని పట్టుకుని వాసన చూసేది. ఒక మధ్యాహ్నం అట్లా పట్టుకునే అడిగింది.

"పిల్లా, నేను పోతే నా కొప్పుల మల్లెలు పెడ్తవా?"

"గదేంది అత్తమ్మా. గల్లీవాళ్ళు ఊకుంటరా?"

"గల్లీవాళ్ళ సంగతి నాకు జెప్పకు. నా పెనిమిటి పోయిన్నాడు నేను చిన్నపోరిని. నాయి గుంజిన్రు. నీయి నేను గుంజిన. ఎవలన్న ఒక్కలు మల్ల పెట్టాలె గదా."

"వదినెకు జెప్తవా మరి?"

"అది ఒప్పదు. దానికి దాని పుస్తెల ఫికర్."

వదిన అంటే మా ఆడబిడ్డ, అత్తకు మిగిలిన ఒక్క బిడ్డ. యాకుత్‌పురాలో ఉండేది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున అత్త పోయింది. వదిన రిక్షాలో వచ్చి తల్లి మీద పడి ఏడ్చింది. నీళ్ళు కాగుతున్నప్పుడు నేను పక్కకు పిలిచి చెప్పాను.

"ముండమోపికి పూలేంది? నీకేమన్న దిమాక్ ఖరాబయ్యిందా?"

"అమ్మనే అడిగింది వదినె."

"కన్నబిడ్డకు జెప్పని మాట కోడలికి జెప్పిందా? గట్ల సింగారించి పంపితే బిడ్డ పుస్తెలకు కీడంటరు, రేపు మా ఇంటాయనకు ఏమన్నయితే నువ్వొచ్చి నిలబడ్తవా?"

ఆమె చెయ్యి మెడలో పుస్తెల మీద ఉంది. అది కోపం కాదు, భయం. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆమె మాటే మాట అన్నారు. నేను చెప్పులు వేసుకోకుండా ఖాలా ఇంటికి పోయాను.

"నేను అల్లియ్యనా?" అంది ఖాలా, సంగతంతా విని, నా ముఖం చూసి.

"వద్దు. నన్ను అడిగింది."

కొంగు ముక్కుకు కట్టుకుని మల్లెమొగ్గలు దారానికి ఎక్కించాను. రెండుసార్లు లేచి మోరీ దగ్గరికి పోయి వచ్చాను. వంకరటింకర దండ వచ్చింది. ఆలోపల ఖాలా గులాబీ చాదర్ ఒకటి తీసి, అంచు చుట్టూ మల్లెలు కుట్టింది. "దీన్ని మీద కప్పు. వాసన యాడిదో ఎవరికి తెలుస్తది" అంది.

స్నానం చేయించాక తల దువ్వే పని ఎవరికీ వద్దు, నాకే వదిలారు. తడి వెంట్రుకలను కొప్పు చుట్టి, దండను లోపలికి దూర్చి, పైన కొంగు కప్పాను. దాని మీద చాదర్. ఎవరూ ఏమీ అడగలేదు. పాడె మీదికి ఎత్తేటప్పుడు కొంగు కొంచెం జారింది. సర్దడానికి వదిన వంగింది. ఆమె వేళ్ళు తల్లి తల వెనక ఆగిపోయాయి. నా వైపు చూసింది. ఇప్పుడు గుంజుతుంది అనుకున్నాను. ఆమె కొంగును నుదుటి దాకా లాగి, చెవుల దగ్గర గట్టిగా దోపింది.

"లేవనెత్తుండ్రి" అంది.

ఆ తర్వాత ఆమె మా గడప తొక్కలేదు. మరుసటేడు ఆమె భర్తకు పక్షవాతం వచ్చింది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం వచ్చి, వాకిట్లో నిలబడి, గల్లీ అంతా వినేటట్టు తిట్టింది. నువ్వు పెట్టిన పూలే మా ఇంటిని తిన్నయి అంది. ఏమో, నాకూ భయం వేసింది. తిట్టి తిట్టి అలిసిపోయి గడప మీద కూలబడింది. నీళ్ళిచ్చాను. తాగింది. నా వైపు చూడకుండా అడిగింది.

"మొగ్గలు పెట్టినవా, విచ్చినయా?"

"మొగ్గలే వదినె. పాడె లేసేటాలకు విచ్చినయి."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయనకు మందు ఇయ్యాలె" అని లేచి, ఎండలోకి నడిచి పోయింది.